ఇంజను ఇచ్చిన వాంగ్మూలం

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక కొండవాలు మీద, ఒకే వీధిలో, నాలుగిళ్ల ఎడంలో ఇద్దరు వియ్యంకులు ఉండేవారు. వియ్యంకులు అంత దగ్గరగా ఉండకూడదని పెద్దలంటారు. అందుకు పెద్దలు చెప్పే కారణాలు వేరు. వీళ్ల మధ్య వచ్చిన కారణం టర్బో.

పిల్లనిచ్చినాయన బెవర జగన్నాయకులు. రేవులో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు. సముద్రం మీద ఎంత పొగరుగా తిరిగిన ఓడైనా సరే, రేవులోకి రావాలంటే జగన్నాయకులు మాట వినాల్సిందే. అలా ముప్పయ్యేళ్లు ఓడల్ని నిదానంగా నడిపించి విసిగిపోయాడేమో, ఉద్యోగం అయిపోగానే పైకప్పు లేని పాత ఎర్ర స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. రెండే సీట్లు. నేల మీద బోర్లా పడుకున్నట్టుండేది. దాని ఇంజను తనకు కావలసిన గాలి తానే పీల్చుకునేది. ఆయన గర్వమంతా అక్కడే ఉంది.

పిల్లాడి తండ్రి గేదెల సన్యాసినాయుడు. పలాస జీడిపప్పు వ్యాపారి. ఆయనదీ రెండు సీట్ల కారే, నీలం రంగు. దానికి టర్బో ఉంది. బయటికి పోయే పొగ దారిలో ఒక చిన్న ఫంకాని తిప్పుతుంది, ఆ ఫంకా బయటి గాలిని ఇంజనులోకి ఒత్తి పంపుతుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే పరుగు ఎక్కువ. కొలిమికి తిత్తి ఎలాగో దీనికి టర్బో అలాగని సన్యాసినాయుడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ చెరో కారు వేసుకుని భీమిలి దాకా పోయి, తిరిగొచ్చి సన్యాసినాయుడి వరండాలో టీ తాగేవారు. అక్కడ మొదలయ్యేది.

"బావగారూ, ఇంజనన్నాక దానికో మర్యాద ఉంటుంది. ఆకలేస్తే కూర్చుని తింటుంది. మీరు దాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోస్తున్నారు," అనేవాడు జగన్నాయకులు.

"మీ బండి కూకుని తినీసరికి మా బండి సెయ్యి కడిగీసుకుని తాంబూలం యేసుకుంతాది బావగారూ," అనేవాడు సన్యాసినాయుడు.

జగన్నాయకులు కూతురు, సన్యాసినాయుడి కోడలు అయిన శశిరేఖ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఇద్దరి వాదనలోనూ ఫిజిక్సు తప్పుగా ఉందని ఆమెకు తెలుసు. అయినా, "నాన్నా, మామయ్యా, టీ చల్లారిపోతోంది," అని మాత్రమే అనేది. ఆమెకప్పుడు ఎనిమిదో నెల. భర్త కిరీటి సరుకుల ఓడలో ఇంజనీరు, ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు.

ఒక ఆదివారం వియ్యంకులు భీమిలి మానేసి కొండ మీదికి పోయే ఘాటీ ఎక్కారు. మొదటి మలుపు దాకా ఎర్ర కారే ముందుంది. ఆ తర్వాత నీలం కారు ఒక్కసారి గుప్పున ఊదుకుని, పక్కనుంచి పోతూ పోతూ హారన్ కూడా కొట్టింది. జగన్నాయకులు పైకి చేరేసరికి సన్యాసినాయుడు గడ్డి మీద తువ్వాలు పరుచుకుని పడుకుని ఉన్నాడు. గురక కూడా పెడుతున్నాడు. అలికిడికి లేచినట్టు లేచి, కళ్లు నులుముకుని, "ఒచ్చినారా బావగారూ? దారిలో మీ బండికి ఆయాసం గానీ వచ్చినాదేటి?" అన్నాడు.

ఓడిపోయినందుకు జగన్నాయకులు బాధపడలేదు. ఆయాసం అన్న మాట మాత్రం గుచ్చుకుంది. ఆ పూట టీకి ఆగకుండా ఇంటికి పోయాడు.

మర్నాడు బ్యాంకుకు పోతుంటే దారిలో ఒక షామియానా, దానికింద ఖాళీ కుర్చీలు, ఖాళీ మైకు కనిపించాయి. అది వాహన శ్వాస నియంత్రణ ప్రాధికార సంస్థ వారి అర్జీల దినం. బండ్ల పొగను అదుపు చేయడానికని ఆ సంస్థను పెట్టారు. పెట్టాక చూసుకుంటే, పొగ చూసేందుకు వేరే శాఖ ఎప్పటినుంచో ఉంది. దాంతో సంస్థకు భవనం, బోర్డు, రబ్బరు స్టాంపు, సంచాలకులు అన్నీ ఉన్నాయి గానీ పని లేదు. సోమవారం సోమవారం షామియానా వేసేవారు. ఎవరూ వచ్చేవారు కారు.

జగన్నాయకులు కోపం మీద ఉన్నాడు. ఎదురుగా మైకు ఉంది. "అయ్యా, ఊపిరి తీసుకునేదాని ముక్కులో బలవంతంగా గాలి కొట్టొచ్చా? మా వియ్యంకుడు రోజూ కొడుతున్నాడు. ఇది ధర్మమేనా?" అని గట్టిగా అడిగాడు. అడిగాక మనసు తేలికపడి, వెళ్లబోయాడు.

"ఆగుడు!" అన్నారు సంచాలకులు. ఆయన పేరు వేదనాభట్ల త్రివిక్రమం. ఆ కుర్చీలో కూర్చున్నప్పటినుంచి ఆయనకు వచ్చిన మొదటి అర్జీ ఇది. "సదరు గాలి ఎవరి ముక్కునందు కొట్టబడుచున్నది?"

"ఇంజను ముక్కులోనండి."

"సదరు ఇంజను వయస్సు?"

"మూడేళ్లుంటాయి."

త్రివిక్రమంగారు కుర్చీలో వెనక్కి వాలి, పక్కనున్న ఇన్‌స్పెక్టరు పైడిరాజు వైపు చూశారు.

"మైనరు," అన్నారు.

*

బుధవారం పొద్దున్న సన్యాసినాయుడు గుమ్మంలో జీపు ఆగింది. ఆయన ఇడ్లీ చట్నీలో ముంచుతున్న చెయ్యి అలాగే పట్టుకుని బయటికొచ్చాడు.

"మైనరు ఇంజనునకు సంరక్షకులు తామేనా?" అన్నారు త్రివిక్రమంగారు.

"దేనికి బాబూ?"

సంచాలకులు కాయితం విప్పి చదివారు. "సదరు ఇంజను శ్వాసమార్గమందు యంత్రసహాయమున గాలిని బలవంతముగా చొప్పించుచున్నట్లు అభియోగము అందినది. ఇందుకు సదరు ఇంజను యొక్క సమ్మతి పొందియున్నారా?"

"ఎవుల సమ్మతి?"

"ఇంజనుది."

"నాను బండి కొన్నాను బాబూ, పెళ్లి సేసుకోలేదు."

ఈ మాటను పైడిరాజు రాసుకున్నాడు. తర్వాత బానెట్ ఎత్తించారు. మైనర్లతో మృదువుగా మాట్లాడాలని నిబంధన. అందుకని పైడిరాజు మోకాళ్లు వంచి, ఇంజనుకు దగ్గరగా ముఖం పెట్టి, "భయపడకు తల్లీ. నీకు గాలి కొట్టడం ఇష్టమేనా? నిజం సెప్పు," అన్నాడు.

ఇంజను ఏమీ అనలేదు. త్రివిక్రమంగారు తగినంత సేపు వేచి చూసి, "మౌనము" అని రాయించారు. ఆ తర్వాత ఆలోచనలో పడ్డారు.

"మౌనం అర్ధాంగీకారమని శాస్త్రం. అర్ధమనగా సగం. కావున సగం గాలికి అనుమతి ఇవ్వవచ్చును."

సన్యాసినాయుడు వ్యాపారి. సగానికి ఒప్పుకున్నవాడు కాస్త బేరమాడితే మొత్తానికి ఒప్పుకుంటాడని ఆయన అనుభవం. "దానికి కొత్తోళ్లంతే సిగ్గు బాబూ. ఉండండి, నాను పలకరిస్తే పలుకుతాది," అంటూ ఎడమచేత్తో తాళం తిప్పి, యాక్సిలరేటరు నొక్కి వదిలాడు.

టర్బో బండిలో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే, లోపలికి పోకుండా మిగిలిపోయిన గాలి ఒక సందులోంచి బయటికి తన్నుకొస్తుంది. ఆ రావడంలో చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు కోసమే చాలామంది ఆ కారు కొంటారు.

"ఛీ!" అంది ఇంజను.

సన్యాసినాయుడు కంగారుగా మళ్లీ నొక్కి వదిలాడు.

"ఛీ! ఛీ!"

త్రివిక్రమంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కొంచెం చలించారు కూడా. "స్పష్టంగా చెప్పింది. రాసుకో," అన్నారు. పైడిరాజు టర్బో గాలిగొట్టం నొక్కుకుపోయేలా తాడు బిగించి, లక్క కరిగించి, ముద్ర వేశాడు. బండిని వాడుకోవచ్చు గానీ అది తన ఊపిరితో తాను నడవాలి. సీలు తీస్తే జైలు.

నాలుగిళ్ల అవతల మేడ మీంచి ఇదంతా చూసి జగన్నాయకులు కడుపుబ్బ నవ్వాడు. ఆ వారంలోనే సంస్థవారు ఆయన్ని పిలిచి, శాలువా కప్పి, 'సహజ శ్వాస మిత్ర' అని బిరుదిచ్చారు. శాలువా కప్పుకుని ఆయన కావాలనే సన్యాసినాయుడి గుమ్మం ముందు నుంచి ఇంటికొచ్చాడు. సన్యాసినాయుడు లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆదివారం టీలు ఆగిపోయాయి. పలాస నుంచి ఎప్పుడూ వచ్చే జీడిపప్పు డబ్బా కూడా ఆగిపోయింది.

"నువ్వు చేసింది బాగాలేదు నాన్నా," అంది శశిరేఖ. "మామయ్య అన్నం సరిగా తినడం లేదు. రాత్రిపూట షెడ్డులోకి పోయి దాని పక్కన కూర్చుంటున్నారు."

"నేనొక ప్రశ్న అడిగానంతేనమ్మా. వాళ్లు ఇంత చేస్తారని నాకేం తెలుసు?" అన్నాడు జగన్నాయకులు. శాలువా మాత్రం తియ్యలేదు.

*

కార్యాలయంలో ఒక ఫైలు కదిలితే దానంతట అది ఆగదు. నీలం కారు బలవంతంగా శ్వాసిస్తున్నదని తేల్చిన ఫైలులోనే, ఎర్ర కారు సహజంగా శ్వాసిస్తున్నదని కూడా రాశారు. ఆ వాక్యం దగ్గర త్రివిక్రమంగారి చూపు ఆగింది. సహజంగా శ్వాసించునది ఏది? ప్రాణి. మరి ప్రాణిని ఆరోగ్య పరీక్ష లేకుండా రోడ్డు మీద పరిగెత్తించవచ్చునా?

సన్మానం జరిగిన పదోరోజున జీపు జగన్నాయకులు గుమ్మంలో ఆగింది. సంచాలకుల వెంట ఈసారి ఒక పశువైద్యుడు వచ్చాడు. ఆయన ముందు నాలుక చూపించమన్నాడు. అది వీలుకాదని తెలిశాక, బానెట్ మీద స్టెతస్కోపు పెట్టి, బండిని గట్టిగా పలికించమన్నాడు. జగన్నాయకులు ఉత్సాహంగా పలికించాడు. తన ఇంజను గొంతు వినిపించే అవకాశం వస్తే ఆయన వదులుకోడు.

"శ్వాసలు నిమిషానికి పదహారు వేలు," అన్నాడు పశువైద్యుడు, ముఖం గంభీరంగా పెట్టి. "ఆవుకు ముప్పై దాటితే మేము సెలైన్ ఎక్కిస్తాం. దీనికి ఆయాసమండీ. తీవ్రమైన ఆయాసం."

"దానికి ఆయాసం లేదు!" అని అరిచాడు జగన్నాయకులు.

ఈలోగా పైడిరాజు వెనక్కి పోయి, తాగినవాళ్లను పట్టుకునే యంత్రాన్ని పొగగొట్టం దగ్గర పెట్టాడు. ఈ రోజుల్లో పెట్రోలులో సారాయి లాంటి ద్రవం కొంత కలిపి అమ్ముతున్నారు. ఆ ఘాటేదో తగిలినట్టుంది, యంత్రం కీచుమని మొత్తుకుంది.

"తాగి ఉన్నాది సార్."

"నేను జన్మలో చుక్క ముట్టలేదు," అన్నాడు జగన్నాయకులు.

"తమ మీద అభియోగం లేదు," అన్నారు త్రివిక్రమంగారు. "బండి తాగియున్నది. తాము తాగకయే తాగిన బండిని నడుపుచున్నారు. ఈ నేరమునకు చట్టమందు ఇంకా పేరు లేదు. పెట్టెదము."

ఎర్ర కారుకు నిరవధిక విశ్రాంతి ఆదేశించారు. షెడ్డులో ఎండ తగలకుండా, ముందు తొట్టి నిండా నీళ్లతో ఉంచాలి. సాయంత్రం జగన్నాయకులు తొట్టి నింపుతుంటే ప్రహరీ అవతల దగ్గు వినిపించింది. సన్యాసినాయుడు ఇన్నాళ్లకు నోరు విప్పాడు.

"కుడితి కూడా కలుపుతారేటి బావగారూ?"

జగన్నాయకులు శాలువా ఆ రాత్రే బీరువాలోకి పోయింది.

ఇద్దరి కార్లతో ఆగినా బాగుండేది. కానీ ఊళ్లో నడిచే బస్సులకీ లారీలకీ జీపులకీ దాదాపు అన్నింటికీ టర్బో ఉందని పైడిరాజు కనిపెట్టి విన్నవించాడు. మరెవరైనా అయితే ఫైలు మూసేసేవారు. త్రివిక్రమంగారు, "మినహాయింపు అనునది అవినీతికి తొలిమెట్టు," అన్నారు. అని, ముందుగా తన సొంత జీపుకే సీలు వేయించుకున్నారు. ఆయన నిజాయితీపరుడు. ఊరికి వచ్చిన కష్టమంతా అదే.

ఆ తర్వాత విశాఖపట్నంలో ఎత్తు ఎక్కడ కనిపిస్తే అక్కడ జనం బస్సు దిగి తోయడం మొదలుపెట్టారు. కూర్చునే సీటు దొరకనివాళ్లు, ఎలాగూ తోయాలి కదా అని వెనకాలే నడిచివచ్చేవారు. సైకిలు షాపులవాళ్లు పంపుతో టైర్లకు గాలి కొట్టడం బలవంతం కిందికి వస్తుందని తేలింది. టైరును సముద్రపు గాలికి ఎదురుగా పెట్టి, తనంతట తాను తీసుకునేదాకా ఆగమన్నారు. రబ్బరు బూరలు ఊది అమ్మేవాణ్ణి బీచిలో అరెస్టు చేశారు. హోటళ్లు కూడా తనిఖీ చేశారు గానీ, పూరీ తనకు తానే పొంగుతున్నదని నిర్ధారించి వదిలేశారు.

అంబులెన్సుల సంగతేమిటని ఒక విలేకరి అడిగాడు. "అందు రోగికి మాత్రమే కృత్రిమ శ్వాస అనుమతించబడినది. బండికి కాదు," అన్నారు త్రివిక్రమంగారు.

*

ఒక గురువారం, పగలు పదకొండు గంటల వేళ, శశిరేఖకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలుంది. ఆ ధైర్యంతోనే అత్తగారూ, తల్లీ కలిసి శ్రీకాకుళంలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లారు. వాళ్లెక్కిన తిరుగుబస్సు ఏదో ఒక ఎత్తు దగ్గర జనం చేత తోయించుకుంటూ ఉంది. ఇంట్లో ఉన్నది సన్యాసినాయుడొక్కడే.

ఆయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అది వెంటనే వచ్చింది, కొండవాలు మొదటిదాకా. అక్కణ్ణుంచి వీధి నిట్టనిలువుగా ఉంటుంది. సగం ఎక్కి, గుర్రుమని, ఆగి, మెల్లగా వెనక్కి జారింది.

"ఎక్కట్లేదు బాబూ, సీలేసీసినారు! నలుగురొచ్చి తోసినారంతే ఒచ్చీగల్ను!" అని డ్రైవరు కిందనుంచి కేకేశాడు. వీధిలో మగవాళ్లంతా పనులకు పోయారు. శశిరేఖ వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. నడిచి దిగుతానని ఒక అడుగు వేసి, నొప్పికి అక్కడే కూలబడిపోయింది.

కేకలు విని జగన్నాయకులు పరుగెత్తుకొచ్చాడు. కూతుర్ని చూశాడు, కిందనున్న అంబులెన్సును చూశాడు. వెనక్కి పోయి, స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి, తిన్నగా సన్యాసినాయుడి షెడ్డులోకి దూరాడు. నీలం కారు బానెట్ ఎత్తాడు.

"బావగారూ, వద్దు. సీలు తీస్తే జైలు," అన్నాడు సన్యాసినాయుడు.

"జైలుకు నేను పోతాను. ఆసుపత్రి ఎత్తు మీ బండే ముందెక్కుతుంది. మీరు తాళం తియ్యండి," అన్నాడు జగన్నాయకులు. లక్క పెచ్చులుగా రాలింది. తాడు తెగింది. "ఎంత గాలి పడితే అంత గాలి కొట్టండి బావగారూ. ఏమీ మిగల్చకండి."

శశిరేఖను పక్కసీటులో వెనక్కి వాల్చి పడుకోబెట్టారు. ఆ కారులో మూడో మనిషికి చోటు లేదు. జగన్నాయకులు ఇంటికి పరుగెత్తి, నీళ్లతొట్టిని కాలితో పక్కకు తన్ని, ఎర్ర కారు ఎక్కాడు. నీలం కారు ఛీ ఛీ అంటూ మలుపులు దిగింది. తాగి, ఆయాసపడి, సెలవులో ఉన్న ఎర్ర కారు దాని వెనకాలే గొంతెత్తి అరుచుకుంటూ దిగింది. బీచి రోడ్డు మీద బస్సులు తోస్తున్న జనం తోయడం మానేసి చూశారు. ఎవరు ముందున్నారన్నది ఆ రోజు ఇద్దరికీ పట్టలేదు. ఆసుపత్రి ఎత్తు మీద ఉంది. ఆ ఎత్తు నీలం కారు ఎలా ఎక్కిందో సన్యాసినాయుడికి తర్వాత కూడా గుర్తులేదు.

శశిరేఖను లోపలికి తీసుకుపోయిన కొద్దిసేపటికే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. అయితే ఏడుపు వినిపించలేదు.

పక్కగది తలుపుకు అద్దముంది. వియ్యంకులిద్దరూ ఆ అద్దానికి ముఖాలు ఆనించి నిలబడ్డారు. లోపల సువార్తమ్మ అనే పెద్ద సిస్టరు బిడ్డను దీపం కింద పడుకోబెట్టింది. ఒళ్లు తుడిచింది, పాదాలు తట్టింది. బిడ్డ నీలంగా ఉంది, కదలడం లేదు. సిస్టరు చిన్న మాస్కు తీసి ఆ ముక్కూ నోరూ కప్పి, దానికి తగిలించిన రబ్బరు బుడగను వేళ్లతో ఒత్తింది. చిన్న ఛాతీ లేచి పడింది. మళ్లీ ఒత్తింది. మళ్లీ లేచి పడింది.

"ఒత్తమ్మా!" అన్నాడు జగన్నాయకులు. గొంతు పెద్దదైపోతోందని ఆయనకు తెలియలేదు. "ఆపకు తల్లీ! ఇంకొంచెం గాలి! ఇంకొంచెం!" అరచేత్తో తలుపు మీద కొడుతున్నాడు.

"మీరు మీ ఊపిరి తీసుకోండి బాబూ. పిల్ల సంగతి నాను సూసుకుంతాను," అంది సువార్తమ్మ, తలెత్తకుండా.

సన్యాసినాయుడు వియ్యంకుడి ముంజేయి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మర్నాటికి కూడా ఆ గోళ్ల గుర్తులు పోలేదు. సిస్టరు మరో రెండు మూడుసార్లు ఒత్తి, మాస్కు తీసి చూసింది. బిడ్డ ముఖం ముడుచుకుంది. పిడికిళ్లు బిగించింది. ఆ తర్వాత ఆసుపత్రి అంతా వినిపించేలా ఏడ్చింది.

జగన్నాయకులు గోడకు ఆనుకుని అలాగే నేలమీదికి జారి కూర్చున్నాడు. పక్కన సన్యాసినాయుడు కూర్చున్నాడు. పెద్దమనుషులిద్దరూ కండువాలు ముఖాలకు అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

"మనవరాలు టర్బో బావగారూ," అన్నాడు సన్యాసినాయుడు ముక్కు తుడుచుకుంటూ.

"మొదటి నాలుగు గుక్కలేనండి. ఇకమీదంతా తనే పీల్చుకుంటుంది," అన్నాడు జగన్నాయకులు. ఆ మాత్రం వాదన లేకపోతే ఆయనకు నిజంగా అంతా బాగైపోయిందన్న నమ్మకం కుదిరేది కాదు.

తర్వాత శశిరేఖను చూడనిచ్చారు. నీరసంగా ఉంది గానీ కళ్లు నవ్వుతున్నాయి. "ఎవరు ముందొచ్చారు?" అంది.

"నువ్వేనమ్మా," అన్నాడు మామగారు.

*

సీలు తెంపిన వార్త అప్పటికే కార్యాలయం చేరింది. త్రివిక్రమంగారు స్వయంగా బయల్దేరారు. జీపు ఆసుపత్రి ఎత్తు మొదట్లోనే ఆగిపోయింది. తోయడానికి పైడిరాజు ఒక్కడే ఉన్నాడు. సంచాలకులు కర్తవ్యం మరిచిపోయే మనిషి కాదు. దిగి నడిచారు. ఎండ మండిపోతోంది. ఆయన భారీ మనిషి. వరండాలోకి వచ్చి, వియ్యంకుల వైపు వేలు చూపించి, "సదరు... సీలు... తమరు..." అన్నారు. ఆ పైన మాట రాలేదు. పెదవులు నల్లబడ్డాయి. బెంచీ మీద ఒరిగిపోయారు.

సువార్తమ్మ ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుంటూ వచ్చి, ఆయన ముఖానికి మాస్కు బిగించింది. ఆయన దాన్ని తోసేయబోయారు. "నా సమ్మతి... లేకుండా..."

"సమ్మతి తరవాత ఇద్దురు గాని. ముందు పీల్చండి," అని సిస్టరు ఆయన చెయ్యి తీసి పక్కన పెట్టి, మాస్కును అరచేత్తో అదిమి పట్టింది.

జగన్నాయకులు విసనకర్ర కోసం వెతికి, దొరక్క, అక్కడున్న ఎక్స్‌రే కవరుతో ఆయనకు విసిరాడు. సన్యాసినాయుడు పాదాలు రాశాడు. పైడిరాజు కలం పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది.

"సార్, ఏటి రాయమంతారు? తమరిది సహజమా, బలవంతమా?"

త్రివిక్రమంగారు నాలుగు గుక్కలు పీల్చారు. పెదవులకు రంగు వచ్చింది. కళ్లు తెరిచి, తన పాదాలు రాస్తున్న ముద్దాయిని చూశారు, విసురుతున్న ముద్దాయిని చూశారు. మాస్కులోంచే, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో, "ప్రోత్సాహము," అన్నారు.

"సార్?"

"బలవంతపు శ్వాస అనుచోట... ప్రోత్సాహక శ్వాస అని... చదువుకొనవలెను. ప్రోత్సాహమునకు... సమ్మతి... అవసరము లేదు."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. బస్సులు సీట్ల నిండా జనంతో కొండలెక్కాయి. బూరలవాణ్ణి వదిలేశారు. సీలు తెంపిన నేరం గురించి రాయడానికి ఫైలులో ఇక చోటు లేదని పైడిరాజు చెప్పాడు. ఎర్ర కారుకు మాత్రం, తాగుడు మానుతానని దాని తరఫున జగన్నాయకులు సంతకం పెట్టాల్సి వచ్చింది.

*

రెండో నెలలో కిరీటి ఓడ దిగి వచ్చాడు. కూతుర్ని చూసుకుని మురిసిపోయాడు. రెండేసి సీట్ల కార్లు రెండున్నా, పిల్లతో సహా అందరూ కలిసి పోవడానికి బండి లేదని గమనించాడు. పెద్ద ఎలక్ట్రిక్ కారు కొంటానన్నాడు. దానికి పెట్రోలు ఉండదు, పొగ ఉండదు, గాలి అసలు అక్కర్లేదు.

వియ్యంకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గాలి పీల్చని బండేటిరా, పాపిష్టోడా!" అన్నాడు తండ్రి. "అల్లుడుగారూ, అది కారు కాదు, బీరువా," అన్నాడు మామ. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడడం అదే మొదలు.

కిరీటి వినలేదు. కొనడం సులువుగానే అయింది. రోడ్డెక్కించడం దగ్గర చిక్కు వచ్చింది. త్రివిక్రమంగారు కొత్త ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. సహజంగా గానీ ప్రోత్సాహంతో గానీ, ఏ విధంగానూ శ్వాసించని వాహనాన్ని నిర్జీవంగా భావించవలెను. నిర్జీవాన్ని వీధులవెంట తీసుకుపోవాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. కిరీటి మున్సిపల్ ఆఫీసులో వరుసలో నిలబడ్డాడు.

"ఎప్పుడు పోయినారు?" అన్నాడు గుమాస్తా.

"ఇంకా షోరూములోనే ఉందండీ."

"ఇంటికి తీసుకురాలేదా?" అని గుమాస్తా జాలిపడ్డాడు. "సహజ మరణమేనా?"

పత్రం వచ్చింది గానీ దానికో షరతు ఉంది. అలాంటి వాహనం బయల్దేరినప్పుడు ముందు ఒక మనిషి శంఖం ఊదుతూ నడవాలి.

ఆదివారం పొద్దున్న బీచి రోడ్డు మీద ఆ తెల్ల కారు చప్పుడు లేకుండా కదిలింది. లోపల చల్లగా శశిరేఖ, పిల్ల, అమ్మమ్మ, నాయనమ్మ కూర్చున్నారు. కిరీటి నడుపుతున్నాడు. ఎదురొచ్చేవాళ్లు చెప్పులు విడిచి పక్కకు తప్పుకుంటున్నారు. కారు ముందు, ఓడలను రేవులోకి తెచ్చినట్టే, జగన్నాయకులు చేతులు ఊపుతూ దారి చూపిస్తున్నాడు. ఆయన పక్కన సన్యాసినాయుడు బుగ్గలు పూరించి శంఖం ఊదుతున్నాడు. కొంతదూరం పోయాక శంఖం దించి, వగర్చుకుంటూ, దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"బావగారూ, లోపలికి గాలి మనం ఒత్తితే గాని పలకట్లేదు. ఇదీ టర్బోయే కాదేటి?"

"నోరు మూసుకుని ఊదండి బావగారూ," అన్నాడు జగన్నాయకులు.